లోయెల్ చేసిన ఎర్ర కప్ప

మా ఆయన లోయెల్‌ను సమాధి చేసిన రోజున జనం కూరలు పట్టుకొచ్చిన గిన్నెలు రెండు నెలలైనా మా వంటింటి బల్ల మీదే ఉన్నాయి. ఒక్కో గిన్నె అడుగున తెల్ల టేపు ముక్క, దాని మీద ఎవరిదో పేరు. తిప్పి చూసి, కారులో పెట్టుకుని, ఇల్లిల్లూ తిరిగి ఇచ్చి రావాలి. అందుకు ఒళ్ళు లేవలేదు. రోజుకొకటి కడిగేదాన్ని, తుడిచేదాన్ని, మళ్ళీ అక్కడే పెట్టేదాన్ని.

ఆ మే నెల గురువారం హోయ్ట్ వచ్చినప్పుడు కూడా గిన్నె తుడుస్తూనే ఉన్నాను. చెరువొడ్డున ఎరల కొట్టు అతనిది. ఇరవై ఆరేళ్ళు లోయెల్‌తో ఒకే పడవలో చేపలకు వెళ్ళినవాడు. టోపీ తీసి చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. పెళ్ళయినదాన్నైనా మా వైపు మర్యాదకు మిస్ అనే పిలుస్తారు.

"మిస్ ఆర్డిత్, శనివారం పొద్దున మన చర్చి మగవాళ్ళందరం లోయెల్ పేరు మీద చేపలకు వెళ్తున్నాం. తను ఆఖరున చేసిన చెక్క ఎర మీ దగ్గరే ఉండాలి కదా. అది ఇస్తే కొట్లో గోడకు కొడతాను. కింద పేరు రాయిస్తాను."

"ఎక్కడుందో ఏమో, చూడాలి హోయ్ట్," అన్నాను.

అబద్ధం. అది పిండి డబ్బా వెనక, పాత చేతిగుడ్డలో చుట్టి ఉంది. అది గోడకెక్కితే లోయెల్ బతికున్నంతకాలం దాచుకున్నది ఊరందరికీ తెలిసిపోతుంది.

లోయెల్ మేజోళ్ళ మిల్లులో పనిచేసేవాడు. నేనూ అక్కడే. జతలు కలిపే బల్ల దగ్గర ఎదురెదురుగా నిలబడేవాళ్ళం. ఆయన కొత్తగా వచ్చిన వారంలోనే చూశాను, ముదురు ఆకుపచ్చ మేజోడుకు ఇటుక రంగుది జత కలుపుతున్నాడు. మేస్త్రీ కంటబడకుండా నేను మార్చేదాన్ని. మూడో రోజున మెల్లగా అన్నాడు:

"నువ్వెందుకు మారుస్తున్నావో నాకు తెలుసు. ఎవరికీ చెప్పకు."

"చెప్పకపోతే నాకేమిటి?"

"ఆదివారం చేపలు వేయించి పెడతాను."

అలా కుదిరింది మా పెళ్ళి. ఎరుపూ ఆకుపచ్చా ఆయన కంటికి ఒకటే. చిన్నప్పుడు బడిలో పిల్లలు ఏడిపించారట, అది మనసులో ఉండిపోయింది. నాకు తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. తోటలో పండిన టమాటా కూడా చేత్తో నొక్కి చూసి కోసేవాడు.

మిల్లు మూతపడ్డాక పెరటి షెడ్డులో కూర్చుని దేవదారు చెక్కతో ఎరలు చెక్కడం మొదలుపెట్టాడు. బాస్ అనే చేపల కోసం నీళ్ళ మీద తేలేవి, దారం లాగితే గుడగుడమని చప్పుడు చేస్తూ కదిలేవి. కొన్ని కప్పల్లా, కొన్ని చిన్న వెండి చేపల్లా ఉండేవి. రంగు సీసాల మీద నేను చీటీలు అంటించేదాన్ని. రంగుల పేర్లు రాస్తే ఎవరైనా చూసి అడుగుతారని వంటింటి పేర్లు రాశాను. ఆకుపచ్చకు బెండకాయ, ఇటుక రంగుకు టమాటా, పసుపు రంగుకు వెన్న. ఎవరైనా నవ్వితే, "మా ఆవిడకు అన్నీ తిండి లాగే కనిపిస్తాయి," అని నా మీదకు తోసేవాడు. పడ్డాను.

అయినా ఊళ్ళో మగవాళ్ళు ఏ రంగు ఎర వెయ్యాలో అడగడానికి ఆయన దగ్గరకే వచ్చేవారు. తెల్లారకుండానే మా వరండా ముందు ట్రక్కులు ఆగేవి. ఆయన కాఫీ కప్పు పట్టుకుని ఆకాశం చూసేవాడు, ఎరను చూసేవాడు కాదు.

"మీరంతా కొట్లో నిలబడి పైనుంచి చూస్తారురా. చేప కిందనుంచి చూస్తుంది. వీపు కొనేవాడికి, కడుపు తినేదానికి. ఎండ బాగా కాస్తే తెల్ల కడుపు. మబ్బుగా ఉన్నా, పొద్దు ఇంకా పొడవకపోయినా నల్ల కడుపు. తెల్లబారిన ఆకాశం మీద నల్లటి నీడ కదిలితే చేపకు బాగా ఆనుతుంది."

"మరి వీపు మీద ఇంత నగిషీ ఎందుకయ్యా?" అనేవాళ్ళు.

"నీలాంటి చేపను పట్టొద్దూ!" అనేవాడు.

వెలుగూ నీడా ఆయనకు పట్టుబడినట్టు ఎవరికీ పట్టుబడలేదు. వాటిని నమ్ముకునే బతికినవాడు మరి.

పోయిన చలికాలమంతా ఆయన గుండె సరిగా లేదు. ఆసుపత్రికి తిరగడం, మందులు, ఉప్పు లేని వంట. మార్చిలో కాస్త తేరుకుని షెడ్డులోకి వెళ్ళాడు. రంగు పలచన చేసే నూనె ఒలికి ఆకుపచ్చ సీసా, ఇటుక రంగు సీసా రెండింటి చీటీలూ ఊడిపోయాయి. "మళ్ళీ రాసిపెట్టు ఆర్డిత్," అని వారం రోజులుగా అడుగుతున్నాడు. రేపు, రేపు అన్నాను. ఒక మధ్యాహ్నం పొయ్యి మీద చిక్కుడు గింజలు ఉడుకుతున్నాయి. నడుము లాగేస్తోంది. షెడ్డులోంచి కేకేశాడు:

"ఆర్డిత్, ఇందులో బెండకాయ ఏది?"

"కళ్ళున్నాయిగా? ఏదో ఒకటి తీసుకో!" అన్నాను.

మళ్ళీ అడగలేదు. మూడో రోజున పోయాడు. నాలుగో రోజున షెడ్డులోకి వెళితే తీగకు వేలాడుతూ ఆ కప్ప కనిపించింది. కడుపు నల్లగా, ఒక్క మరక లేకుండా నునుపుగా ఉంది. వీపు మాత్రం ఇటుక ఎరుపు. దాని మీద ఎంతో ఓపికగా పెట్టిన చుక్కలు.

హోయ్ట్‌కు ఇవ్వనని చెప్పేస్తే సరిపోయేది. శుక్రవారమంతా అదే అనుకున్నాను. వీపు మీద ఆకుపచ్చ పూసి ఇద్దామని కూడా అనుకుని కుంచె తీశాను. ఆ చుక్కల మీద చెయ్యి ఆడలేదు.

శనివారం పొద్దున చేతిగుడ్డ మూటతో పడవల రేవుకు వెళ్ళాను. మబ్బు పట్టిన ఆకాశం, సూర్యుడు లేడు. మిగతావాళ్ళు అప్పటికే దూరంగా వెళ్ళిపోయారు. హోయ్ట్ నా కోసమే ఆగినట్టున్నాడు.

"ఎక్కండి. జారుతుంది, చూసుకోండి," అన్నాడు.

తామరాకుల దగ్గరకు వెళ్ళాక మూట అందించాను. హోయ్ట్ విప్పాడు. వీపు వైపు చూడనేలేదు. వెల్లకిలా తిప్పి కడుపు చూశాడు, తలెత్తి ఆకాశం చూశాడు.

"నల్లది. ఇవాళ్టికి సరిగ్గా సరిపోతుంది," అన్నాడు.

"ఇటు తిప్పి చూడు హోయ్ట్."

తిప్పాడు. ఎర్ర వీపు మీది చుక్కలను బొటనవేలితో తడిమాడు.

"మిస్ ఆర్డిత్, ఇన్నేళ్ళలో టౌనుకు వెళ్ళినప్పుడు ట్రక్కు ఎప్పుడూ నేనే నడిపాను. ఎందుకనుకున్నారు? టౌనులో సిగ్నల్ దీపాలు పైనా కిందా కాక పక్కపక్కన ఉంటాయి. ఏది వెలిగిందో ఆయనకు తెలిసేది కాదు."

"నీకు తెలుసా!"

"తెలుసని ఆయనకు తెలియదు. తెలిస్తే నాతో చేపలకు వచ్చేవాడా?"

నేను దాచినదాన్నే ఈ మనిషీ దాచాడన్నమాట. అప్పుడు మిగిలింది కూడా చెప్పేశాను. ఆయన అడిగింది, నేను అన్నది. చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు, రెండు ముక్కలేగా.

హోయ్ట్ దారానికి ముడి వేస్తూ విన్నాడు. "ఇవాళ పొద్దున మా ఆవిడ నన్ను, 'నీ మొహానికి సాక్సు ఎక్కడుందో కూడా కనబడదా, గుడ్డి దున్నా' అంది. నేను సాయంత్రం ఇంటికెళ్తాను, మొక్కజొన్న రొట్టె పెడుతుంది. ఆ మాట ఇద్దరికీ గుర్తుండదు. ఇప్పుడు పడవలోంచి పడి పోయాననుకోండి, పాపం అదే మాట పట్టుకుని చచ్చేదాకా ఏడుస్తుంది. మాట అదేనండీ, మనిషి పోయేసరికి బరువెక్కింది."

దాంతో నాకు తేలికయిందని అనను. గాలపు కర్ర నా చేతికి ఇచ్చాడు. విసరడం నాకు రాదు. రెండుసార్లు ఆకుల్లో చిక్కుకుంది. మూడోసారి ఖాళీ నీటిలో పడింది. లాగాను, గుడగుడమంది. ఆపాను. నీళ్ళు ఒక్కసారి గుంటపడి ఎర మాయమైంది.

"అయ్యో, వదలకండి, వదలకండి!"

చేతులు నొప్పెట్టాయి. పైకొచ్చింది మరీ పెద్ద చేపేం కాదు, రెండు పౌన్లుండొచ్చు. హోయ్ట్ కొక్కెం తీసి దాన్ని నీళ్ళలోకి వదిలేశాడు. కప్ప కడుపు మీద చేప నోటి గీతలు పడ్డాయి. వీపుకు ఏమీ కాలేదు.

"గోడకు కొట్టమంటారా, వద్దంటారా? మీ ఇష్టం," అన్నాడు.

"కొట్టు. కడుపు జనం వైపుకు పెట్టి కొట్టు. వీపు గోడకు."

కాస్త ఆలోచించి తలాడించాడు. ఆ సాయంత్రమే కొట్టాడు. కొట్లోకి వచ్చినవాళ్ళు, "ఇదేమిటి, తిరగేసి కొట్టావు?" అంటే, "లోయెల్ చెప్పింది ఒక్కరికీ బుర్రకెక్కలేదన్నమాట. చేపకు ఇలాగే కనబడుతుంది," అంటున్నాడట. తిప్పి చూద్దామని ఇప్పటిదాకా ఎవరూ చెయ్యి పెట్టలేదు.

ఇంటికొచ్చి ఆ పూట రెండు గిన్నెలు ఇచ్చి వచ్చాను. తిరిగొచ్చాక తెల్ల టేపు పట్టుకుని షెడ్డులోకి వెళ్ళాను. రెండు సీసాలూ బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి. ఎడమ వైపున్న ఆకుపచ్చ దాని మీద బెండకాయ అని రాసి అంటించాను. వేలితో గట్టిగా నొక్కి, కాసేపు అలాగే పట్టుకున్నాను.