శాక్సఫోన్‌గారి ఊపిరి

మామయ్యకు ఒక్కటే పిచ్చి. తన కీబోర్డులో ఏ వాయిద్యం మీట నొక్కితే, ఆ వాయిద్యం వాయించే మనిషి నిజంగానే లోపల కూర్చున్నాడని ఆయన నమ్మకం. నమ్మితే నమ్మాడు, ఎవరి నమ్మకం వాళ్లది. కానీ ఆ లోపలి మనిషికి చేయాల్సిన మర్యాదలన్నీ చేస్తాడు చూడండీ, అక్కడ వచ్చింది చిక్కంతా.

శాక్సఫోన్ మీట నొక్కాడంటే ముందు భుజాలు పైకి లేపి, గుండె నిండా "హుఫ్" మని ఊపిరి పీలుస్తాడు. ఆ వరుస పూర్తయ్యేదాకా వదలడు. ఊదేవాడికి దమ్ము అయిపోయే చోట ఈయన వేళ్లు కూడా ఆగుతాయి. మళ్లీ హుఫ్. పోనీ హుషారు పాటలు వాయిస్తాడా అంటే అదీ లేదు, జాజ్ బాలడ్లు. అంటే ఏ తొందరా లేకుండా నింపాదిగా సాగే ప్రేమపాటలు. ఒక్కో వరుస చివరికొచ్చేసరికి ఆయన మొహం టమాటా పండైపోతుంది.

"మెషిన్‌కి ఊపిరేంట్రా నీ మొహం!" అని అక్కగారు నెత్తి కొట్టుకునేది.

"మెషిన్‌కి అక్కర్లేదక్కా. శాక్సఫోన్‌గారికి ఊపిరాడొద్దూ?"

బేస్ సంగతి ఇంకా ఘోరం. అది మనిషంత ఎత్తున్న తీగల వాయిద్యం, నిలబడి వాయిస్తారు. కాబట్టి బేస్ మీట నొక్కితే మామయ్య లేచి నిలబడాలి. పియానోకి కూర్చోవాలి. ఎడమ చేత్తో బేస్, కుడి చేత్తో పియానో వాయించాల్సి వస్తే అటు లేవకా, ఇటు కూర్చోకా మధ్యలో వేలాడేవాడు. ఒకసారి డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి "గట్టిగా ఊపిరి పీల్చండి" అంటే, "ఏ పాటకండీ?" అని అడిగాడట.

కీబోర్డు వంటింటి గుమ్మానికి ఎదురుగానే ఉండేది. ఓ రోజు ఆయన వాయిస్తుంటే అక్కగారు పెరట్లోంచి "ఒరేయ్, పాలు చూడరా!" అని కేకేసింది. చూశాడు. కళ్లప్పగించి చూశాడు. పాలు లేచాయి, అంచు దాటాయి, పొయ్యి మీదుగా నేల మీదికి దిగాయి. వరుస ముగిశాక ఊపిరి వదిలి, "పొంగాయక్కా" అని కబురు చెప్పాడు.

ఇదంతా పిట్టకి నవ్వులాటగానే ఉండేది, ఆ సాయంత్రం దాకా. పిట్ట అక్కగారి కూతురు. సన్నగా ఉంటుందని చిన్నప్పుడు పెట్టిన ముద్దుపేరు, పెద్దయ్యాక గొంతుకి సరిపోయి స్థిరపడిపోయింది. ఇంట్లో మామయ్య పక్కన పాడితే తేనె. కిందటేడు వేరే బృందంతో పెళ్లి విందులో పాడబోయి, రెండో చరణంలో నోరు తెరిచింది గానీ ఊపిరి రాలేదు. వేదిక దిగి పారిపోయింది, మైకు చేతిలోనే ఉండిపోయింది. మళ్లీ నలుగురి ముందు పాడలేదు.

ఇప్పుడు ఊళ్లో పెద్ద హోటల్లో రోజూ సాయంత్రం పాడే అవకాశం. ఒక్క పాట విని మేనేజరు తేల్చేస్తాడు. "ఈసారి కూడా పారిపోతే ఇక పాట ఊసెత్తను" అని పిట్ట తల్లికి చెప్పేసింది. ఉత్తుత్తి మాట కాదది. హోటల్ గుమ్మం దగ్గర మామయ్య చేయి పట్టుకుంది.

"మామయ్యా, నీకు పుణ్యముంటుంది. ఇవాళ ఒక్కరోజు హుఫ్ అనకు."

"అసలు ఊపిరే పీల్చొద్దా?"

"మనిషిలా పీల్చు! మధ్యలో ఆగకు. లేచి నిలబడకు."

"కూర్చుంటే బేస్ ఆయనకి మర్యాదగా ఉండదేమోనమ్మా..."

"మామయ్యా!"

"సరే సరే. నువ్వెలాగంటే అలాగే."

హాల్లో చెంచాల చప్పుడు, గుసగుసలు. ముందు బల్ల దగ్గర మేనేజరు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఆయన వెనకే అక్కగారు కొంగు నలుపుకుంటోంది. మామయ్య కుక్కిన పేనులా కూర్చుని మొదలెట్టాడు. హుఫ్ లేదు, ఆగడం లేదు. శాక్సఫోన్ నున్నగా, ఎక్కడా తెగకుండా సాగిపోయింది. మొదటి చరణం ఎలాగో గట్టెక్కింది. కానీ పిట్టకి ఏదో తేడాగా ఉంది. గాలి పీల్చుకోవాల్సిన చోటు ఎక్కడో దొరకడం లేదు. రెండో చరణం వచ్చింది. నోరు తెరిచింది. ఊపిరి రాలేదు.

మేనేజరు గడియారం చూసుకున్నాడు. పిట్ట కళ్లు తలుపు వైపు తిరిగాయి. నాలుగంగల్లో బయటపడొచ్చు. అయ్యో, అయిపోయింది, మళ్లీ అదే అయింది అనుకుంది.

అప్పుడు మామయ్య చటుక్కున ఆగాడు. భుజాలు పైకి లేపి, మైకులో హాలంతా అదిరేలా పీల్చాడు.

"హుఫ్!"

ఎవరో కిసుక్కున నవ్వారు. కానీ ఆ హుఫ్‌తో పాటే, అడగకుండానే, పిట్ట గుండెల నిండా గాలి నిండింది. పాట దానంతటదే వచ్చేసింది. ఆ తర్వాత ఆయన హుఫ్ అన్న చోటల్లా ఆమె పీల్చింది, ఆయన వదిలిన చోటల్లా పాడింది. ఇంట్లో ఇన్నేళ్లూ పాడుతున్నది ఇలాగేనని ఆమెకు అప్పుడు తెలిసింది. చివరి చరణంలో బేస్ వచ్చింది. మామయ్య లేచి నిలబడ్డాడు. ఎలాగూ మాట తప్పాడు కదా, ఇంక ఆయనకి అడ్డేముంది?

పాట అయ్యాక మేనేజరు దగ్గరికొచ్చాడు. "పాట బాగుందమ్మా. మధ్యలో ఆ చప్పుడు ఎవరిది?"

మామయ్య నోరు తెరిచేలోపే పిట్ట అంది, "శాక్సఫోన్‌గారిదండీ."

మేనేజరు కీబోర్డు వైపోసారి, మామయ్య వైపోసారి చూశాడు. "అలాగా. రేపట్నుంచి ఆయన్ని కూడా తీసుకురండి."

మామయ్య కీబోర్డు సర్దుతుంటే అక్కగారు కూతుర్ని పక్కకు లాగింది. "చిన్నప్పుడు నీకు ఆయాసం కదే. ఊపిరి పీల్చుకోవే తల్లీ అంటే ఇంకా బెదిరేదానివి. వీడు మంచం పక్కన ఆ కీబోర్డు పెట్టుకుని, 'శాక్సఫోన్‌గారికి ఆయాసం వచ్చింది, పాపం, నువ్వు కూడా ఆయనతో కలిసి పీల్చు' అనేవాడు. నువ్వు పీల్చేదానివి. అంతకుముందు వీడికి ఈ హుఫ్ ఎక్కడిది? ఎవరో తరుముతున్నట్టు వాయించేవాడు."

పిట్ట మామయ్య వైపోసారి చూసింది. "మరి బేస్‌కి లేచి నిలబడేది?"

"అదా," అంది అక్కగారు. "అది నిజంగా పిచ్చే."

మర్నాడు పొద్దున్న పిట్ట ఆయన పక్కన వచ్చి కూర్చుంది. "మామయ్యా, నిజం చెప్పు. ఇన్నాళ్లూ ఆ ఊపిరి శాక్సఫోన్‌గారికా, నాకా?"

మామయ్య భుజాలు పైకి లేపి హుఫ్ అన్నాడు, వాయించడం మొదలెట్టాడు. పిట్ట కూడా పీల్చేసింది. ఇంకేం చేస్తుంది, పాట అందుకుంది.

"పాలు చూడండర్రా!" అని పెరట్లోంచి అక్కగారి కేక.

ఇద్దరూ చూశారు. పాలు లేచాయి, అంచు దాటాయి, నేల మీదికి దిగాయి. వరుస ముగిశాక ఇద్దరూ ఒక్కసారే ఊపిరి వదిలి, "పొంగాయి!" అన్నారు.