ఒంటిచేతికి లొంగిన వీడియో గేమ్

కిందటి నెల మా డిపార్ట్‌మెంట్‌లో రిటైరైన వాళ్ళందరినీ పిలిచి టీ ఇచ్చారు. తార్నాకలో మా ఇంటి నుంచి ఆటోలో పది నిమిషాల దారే అయినా, యూనివర్సిటీ లోపలికి వెళ్ళి రెండేళ్ళు దాటిపోయింది. వరండాలో విద్యార్థులు పాత ఎలక్ట్రానిక్ సామాన్లు బల్లల మీద పేర్చి పెట్టారు. వాటి మధ్య, అన్నం డబ్బాకన్నా కాస్త పెద్దదిగా, మూలలు గుండ్రంగా తీర్చిన తెల్లటి వీడియో గేమ్ పెట్టె కనబడేసరికి నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. పక్కనున్న అమ్మాయి దాని గురించి చెప్పబోతే, నాకు తెలుసు తల్లీ అన్నాను. ఎంత తెలుసో ఆ పిల్లకు చెప్పడం కష్టం గానీ, మన వయసు వాళ్ళకు చెప్పుకోవచ్చు.

ముప్పై ఏళ్ళ కిందటి మాట, అప్పట్లో నేను ఎలక్ట్రానిక్స్ ల్యాబులో అసిస్టెంటుని. ఇంట్లో మా ఆయన, అత్తమ్మ, మామయ్య, ఉద్యోగంలో కొత్తగా చేరిన మా మరిది. మామయ్య రైల్వేలో ఫిట్టరుగా చేసి, మెట్టుగూడ క్వార్టర్సులోనే సగం జీవితం గడిపి, రిటైరయ్యాక తార్నాకకు వచ్చారు. ఏడాది తిరక్కుండానే కుడివైపు పక్షవాతం వచ్చింది. కాలు తేరుకుంది గానీ చెయ్యి తేరుకోలేదు. బ్యాంకులో సంతకం బదులు వేలిముద్ర వేయించుకున్నారు. ఆ రోజు ఇంటికొచ్చి, బొటనవేలికంటిన సిరాను సబ్బుతో ఒకసారి, కిరోసిన్‌తో ఒకసారి ఆయన రుద్దుకోవడం ఇప్పటికీ నా కళ్ళముందుంది. డ్రాయింగులు చదివి ఇంజను భాగాలు బిగించిన మనిషి మరి.

డాక్టరు పిసకమని ఇచ్చిన రబ్బరు బంతిని మూడో రోజే మంచం కిందికి దొర్లించేశారు. ఆ చెయ్యి మళ్ళీ ఆడింది మా మరిది వీడియో గేమ్ వల్ల. గల్ఫ్ నుంచి వచ్చిన స్నేహితుడొకడు ఇచ్చిన పెద్ద బూడిదరంగు పెట్టె అది. అందులో పైనుంచి రకరకాల ఆకారాల ఇటుకలు పడుతుంటే సందు లేకుండా పేర్చే ఆట ఒకటుండేది. ఓ ఆదివారం మరిది ఆడుతుంటే మామయ్య మంచం మీదినుంచి చూసి చూసి, చిరాకుపడి, "అట్ల గాదురా, తిప్పి పెట్టు. సందు పడుతున్నది కనపడ్తలేదా?" అన్నారు. మర్నాటికల్లా, పెట్టెకు తీగతో తగిలించి ఉండే బటన్ల పలక ఆయన ఒళ్ళోకి చేరింది. ఇటుకను ఎడమ బొటనవేలితో జరపాలి, కుడి బొటనవేలితో తిప్పాలి. మొదట చెయ్యంతా ఎత్తి మోపేవారు. వారం పదిరోజులకు బొటనవేలు ఒక్కటే, కొంచెమే, కదిలింది. అందరం చూశాం.

కానీ ఆ పెట్టెలో ఆట ఉండే కాసెట్ పెట్టడం పెద్ద తతంగం. ముందున్న తలుపు ఎత్తి, కాసెట్‌ను లోపలికంటా నెట్టి, కిందికి నొక్కాలి. వాడి వాడి లోపలి పట్టు వదులైపోయి తెర మిణుకుమిణుకుమనేది. మళ్ళీ తీసి, తుడిచి, మళ్ళీ పెట్టాలి. ఒంటిచేత్తో అయ్యే పని కాదు. తొమ్మిదింటికల్లా మేమంతా పనులకు పోతాం, అత్తమ్మకు కరెంటు వస్తువంటే భయం. ఒకరోజు ఆయనే ప్రయత్నిస్తే పెట్టె కిందపడి తలుపు విరిగింది. నేను వచ్చేసరికి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. "ఇగ దాన్ని తీసి పెట్టు బిడ్డా, నాతోని కాదు" అన్నారు. ఆ తర్వాత గేమూ లేదు, బంతీ లేదు, వీధి చివరిదాకా నడవడమూ మానేశారు. కదలడం మొదలుపెట్టిన వేలు మళ్ళీ బిగుసుకుంది.

ఈ సంగతి ల్యాబులో భోజనాల దగ్గర చెప్పుకున్నాను. కొన్నేళ్ళు విదేశంలో పాఠాలు చెప్పి అప్పుడే తిరిగొచ్చిన మా ప్రొఫెసరుగారు ఒక వింత చెప్పారు. ఆ గేమ్ పెట్టెల కంపెనీ వాళ్ళు అంతకన్నా మంచి కొత్త మెషిన్ ఎప్పుడో తెచ్చారట, జనమంతా దాని వెంట పడ్డారట. అయినా ఇంత ఆలస్యంగా పాత మెషిన్‌నే మళ్ళీ చిన్నదిగా, కొత్తగా తయారుచేసి వదిలారట. కాసెట్ పైనుంచి పెట్టొచ్చట. సిగ్గు విడిచి తెప్పించమని అడిగాను. మూడు నెలలకు ఆ తెల్లటి పెట్టె ఆయన చుట్టాలెవరి సామాన్లలోనో వచ్చింది.

ల్యాబు బల్లమీద విప్పి చూశాను. తలుపు లేదు, స్ప్రింగు లేదు, పైన పోస్టు డబ్బాకు నోరున్నట్టు ఒక సందు, అంతే. అరచేతిలో గుచ్చుకునే మూలలతో ఉండే బటన్ల పలక ఇప్పుడు రెండు కొసలా గుండ్రంగా, మధ్యలో సన్నంగా మారింది. బటన్లు బొటనవేలు సహజంగా వాలే చోటికి ఏటవాలుగా జరిగాయి. లోటూ లేకపోలేదు. బొమ్మకూ శబ్దానికీ విడివిడిగా తీగలు గుచ్చే చోట్లు తీసేసి టీవీ యాంటెన్నా చోట గుచ్చే ఒక్క తీగే ఉంచారు, దాంతో తెరమీద సన్నటి నిలువు గీతలు పడేవి. అయితే మనుషుల్ని ఏళ్ళ తరబడి విసిగించిన చోటల్లా ఎవరో ఓపిగ్గా వేలు పెట్టి సరిదిద్దారు. మన కరెంటుకు సరిపడేలా వర్క్‌షాపులో పెద్దాయన ఒక ట్రాన్స్‌ఫార్మర్ చుట్టిచ్చారు.

ఇంట్లో స్టూలు మీద పెట్టి నేను వెనక్కి జరిగాను. సాయం పట్టబోయిన మరిదిని కంటితోనే ఆపాను. మామయ్య ఎడమచేత్తో కాసెట్ తీసుకుని, ఫిట్టరు కన్నుతో అటూ ఇటూ తిప్పి చూసి, సందులో నిలబెట్టి అరచేత్తో నొక్కారు. ఒక్కసారికే ఇటుకలు పడ్డాయి. కాసేపటికి, "గీతలు వస్తున్నయి" అన్నారు. అది ఆ పెట్టె లోపమే మామయ్యా, పోదు అన్నాను. "ఉండనీ. ఆట మంచిగనే నడుస్తున్నది" అన్నారు.

మర్నాడు సాయంత్రం గేటు దగ్గరికే ఆట మోత వినిపించింది. పొద్దటి నుంచి మంచినీళ్ళకు కూడా పిలవలేదని అత్తమ్మ చెప్పింది. ఆయన తెర మీది నుంచి చూపు తిప్పకుండానే, "నువ్వు లేకున్నా నడిచింది బిడ్డా" అన్నారు. ముఖం కడుక్కునే వంకతో నేను కాసేపు బాత్‌రూములోనే ఉండిపోయాను.

ఏడాది లోపల చొక్కా గుండీలు తనే పెట్టుకున్నారు. ఆ తర్వాత పెన్ను పట్టారు. బ్యాంకులో గుమస్తా సిరా డబ్బా ముందుకు తోస్తే పక్కకు నెట్టి, వెనకాల వరుస కదలకుండా నిలబడి ఉండగా, అక్షరం తర్వాత అక్షరం సంతకం చేశారు. పాత సంతకంతో కలవలేదన్నాడు గుమస్తా. కొత్త నమూనా సంతకాల కార్డు మీద మళ్ళీ మూడు పెట్టమన్నాడు. "ఇంకో పది పెట్టమన్నా పెడత" అన్నారు మామయ్య. మందుల వల్ల, కాలం వల్ల నయమై ఉంటుందన్నాడు డాక్టరు. అదీ నిజమే కావచ్చు. ఆయన పోయేదాకా ఆ చెయ్యి పూర్తిగా రాలేదు గానీ, వేలిముద్ర మాత్రం మళ్ళీ వేయలేదు.

ఇప్పుడు ఏ వస్తువైనా కొత్తది రాగానే పాతదాన్ని వదిలేస్తున్నారు. బాగా పనిచేసే ఫోను కూడా ఇక నీకు కొత్త అప్‌డేట్లు రావని ఒక ఉదయం చెప్పేస్తుంది. నేనూ ల్యాబులో ఎన్నో పరికరాలకు పనికిరావని చీటీలు అంటించిన దాన్నే, తప్పు పట్టడానికి నోరు రాదు. అయినా, రోజులు అయిపోయిన వస్తువును మళ్ళీ బల్లమీదికి తీసుకుని, ఇది మనుషుల్ని ఎక్కడ ఇబ్బంది పెడుతోందని చూసిన ఆ పేరు తెలియని మనిషిని తలుచుకుంటే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. పాతదాన్ని వాడేవాళ్ళు ఇంకా కొందరు మిగిలే ఉన్నారని గుర్తుంచుకునే వాళ్ళు ఈ రోజుల్లో తక్కువైపోయారు. లేదా, ఆ మిగిలిన వాళ్ళలోకి నేనూ వచ్చి చేరాను కాబట్టి నాకలా అనిపిస్తోందేమో.