మూడో నంబరు బిళ్ల

రెండువేల మూడో సంవత్సరం జూన్‌లో నేను నిజామాబాద్‌లో ఒక కంప్యూటర్ ఆట తయారీలో చేరాను. అంతకుముందు పదహారేళ్లు బోధన్ వైపు ఒక చక్కెర ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ విభాగంలో పనిచేసి, ఫోర్‌మన్‌గా ఉండగా స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాను. ఫోర్‌మన్ అంటే ఇంజనీరుకు కింద, వైర్‌మన్‌లకు పైన. కాగితం మీద సంతకం ఇంజనీరుది, ఎవరికైనా షాకు కొడితే జవాబు చెప్పుకోవాల్సింది ఫోర్‌మన్.

నాకప్పుడు మౌసు పట్టుకోవడం కూడా రాదు. అయినా ఇమ్రాన్ నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. అతను బస్టాండు వెనుక వీధిలో కంప్యూటర్ నేర్పే సెంటర్ నడిపేవాడు. తుపాకులూ కార్లూ ఉన్న ఆటలు చూసి చూసి విసుగొచ్చి, మన ప్రాంతపు ఆట ఒకటి తనే చేయాలనుకున్నాడు. వెనుక ఏ కంపెనీ లేదు. ఆట పేరు ‘చెరుకు కాలం’. ఆడేవాడు ఒక ఫ్యాక్టరీ సీజను మొత్తం నడపాలి. రైతుకు కోత ఆర్డరు ఇవ్వాలి, బండ్లు రప్పించాలి, కాటా వేయించాలి, మిల్లు ఆగకుండా చూడాలి. కోసిన చెరుకు ఒక రోజు దాటి ఎండలో ఉంటే బరువూ తగ్గుతుంది, తీపీ తగ్గుతుంది. ఆ పరుగే ఆట. లోపలి పని తెలిసిన మనిషి కావాలని నన్ను పెట్టుకున్నాడు. మేడ మీద మేము అద్దెకు తీసుకున్న రేకుల గదిలో కరెంటు బాగోగులు కూడా నావే.

మూడో మనిషి జ్యోతి. బోధన్‌లో మెథడిస్టు క్రైస్తవ కుటుంబం. తండ్రి లేడు. తల్లి ఒక ఆసుపత్రిలో ఆయా. జ్యోతి ఇమ్రాన్ దగ్గరే కంప్యూటర్ నేర్చుకుని, నేర్పినవాడికంటే బాగా బొమ్మలు గీసే స్థితికి వచ్చింది. ఆటలో కనిపించే బొమ్మలన్నీ, వినిపించే చప్పుళ్లన్నీ ఆమె పని.

ఆమె అడిగే ప్రశ్నలకు నేను చాలాసార్లు తెల్లమొహం వేశాను. ఒకరోజు, “అన్నా, మిల్లు ఆగితే చప్పుడు ఒక్కపారే ఆగుతదా, మెల్లమెల్లగనా?” అని అడిగింది. పదహారేళ్లు ఆ చప్పుడులో బతికినవాణ్ణి. అయినా రెండు రోజులు గుర్తు చేసుకుని చెప్పాను. మొదట రోలర్ల రొద తగ్గుతుంది, తర్వాత గొలుసుల చప్పుడు, అన్నిటికంటే ఆఖర్న బాయిలర్ ఫ్యాను. ఆమె అదే వరుసలో ఆటలో పెట్టింది.

సీజనులో అన్నిటికన్నా కష్టమైన రోజు ఏదని ఇమ్రాన్ అడిగితే, తుపాను రోజు అన్నాను. ఇద్దరూ నవ్వారు. సముద్రం మనకు ఎంత దూరం! కానీ బంగాళాఖాతంలో పుట్టిన తుపాను తీరం దాటి, బలం తగ్గి వాయుగుండంగా మా వైపు వచ్చినా, కోత కాలంలో రెండు రోజుల వాన, ఈదురుగాలి చాలు. నల్లరేగడిలో బండ్లు దిగబడతాయి, నిలబడ్డ చెరుకు పడిపోతుంది. అందుకే కబురు రాగానే ఒక వరుసలో పని జరిగేది. ముందు కోత ఆర్డర్లు ఆపాలి. యార్డులో ఉన్న చెరుకంతా మిల్లులో ఆడేయాలి. గోదాము తలుపుల కింద ఇసుక మూటలు పెట్టాలి. చివరికి ఒక్కొక్క లైనుకూ ఫ్యూజులు తీయాలి.

ఫ్యూజు దగ్గర ఒక కట్టుబాటు ఉంది. తీసిన మనిషి ఆ చోట తన నంబరున్న ఇత్తడి బిళ్ల తగిలించాలి. బిళ్ల ఉన్నంతసేపు ఇంకెవరూ ఆ లైను ముట్టకూడదు, మేనేజరైనా సరే. లైను మీద ఎక్కడో ఒక మనిషి చెయ్యి ఉందని దాని అర్థం. పని అయ్యాక ఆ బిళ్ల అతనే తీసి, షిఫ్టు పుస్తకంలో టైము రాసి సంతకం పెట్టాలి.

జ్యోతి ఇదంతా నోట్ బుక్కులో రాసుకుని ‘తుపాను’ అనే ఘట్టం తయారు చేసింది. వాన గీతలూ మబ్బులూ బండ్లూ నాలుగు నెలల పని. అందులో నేను ఒక నియమం పట్టుబట్టి పెట్టించాను. ఆడేవాడు వేరేవాళ్ల బిళ్ల తీస్తే ఆట అక్కడికక్కడే ముగియాలి. ఇమ్రాన్‌కు నచ్చలేదు. “ఫోర్‌మన్ సాబ్, గింత సఖ్తుగ ఉంటే ఆడెటోడు పరేషాన్ అయితడు. ఒక్క ఛాన్సన్న ఇయ్యి” అన్నాడు. ఫ్యాక్టరీలో ఇంకో ఛాన్సు ఉండదని చెప్పాను. సంతకాల పుస్తకం మాత్రం ఆటకు బరువవుతుందని వదిలేశాం.

బిళ్లల పద్ధతి నేను గదిలోకి కూడా తెచ్చాను. అక్కడ స్విచ్‌బోర్డు ఒక్కటే. ఒకరు పని చేస్తుండగా ఇంకొకరు మెయిన్ స్విచ్చు ఆపేసి పని పోగొట్టిన సందర్భాలు రెండు మూడు ఉన్నాయి. అల్యూమినియం రేకు కత్తిరించి మూడు బిళ్లలు చేశాను. ఒకటో నంబరు నాది, రెండోది ఇమ్రాన్‌ది, మూడోది జ్యోతిది. బోర్డు మీద బిళ్ల వేలాడుతోందంటే ఆ మనిషి పని నడుస్తోంది, కరెంటు తీయొద్దు. ఎవరి బిళ్ల వాళ్లే తీయాలి. నాలుగు నెలలు పద్ధతి చక్కగా నడిచింది.

నవంబరులో ఆట దాదాపు పూర్తయింది. దాన్ని సీడీలుగా అమ్మిపెడతానన్న దుకాణదారుడితో మాట్లాడటానికి ఇమ్రాన్ హైదరాబాద్ వెళ్లాడు. ఆ మర్నాడే రేడియోలో తుపాను కబురు వచ్చింది. తీరం దాటి వాయువ్యంగా కదులుతోంది, ఉత్తర తెలంగాణలో భారీ వానలు. కింద దర్జీ దుకాణానికి ఇమ్రాన్ ఫోన్ చేసి, ఆట మొత్తం సీడీల్లోకి ఎక్కించి పెట్టమన్నాడు. నాలుగు సీడీలు పడతాయి. మొదటి మూడింటిలో ఫ్యాక్టరీ, పొలాలు, బండ్లు. నాలుగోది మొత్తం తుపాను ఘట్టం. అది గదిలోని పెద్ద కంప్యూటర్లో తప్ప, సెంటర్లో ఇమ్రాన్ వాడే పాత కంప్యూటర్లో కూడా లేదు.

పొద్దున్నే పని మొదలుపెట్టాం. కిటికీ సందుల్లో గోనె ముక్కలు దూర్చాను. గుమ్మానికి ఇసుక మూటలు పెట్టాను. దర్జీ మెట్ల కింద నుంచి చూసి, “సముద్రం ఏడ, మనమేడ! మేడ మీదికి వరద వస్తదని ఇసుక మోస్తున్నవా సారూ? జర నా మిషను గూడ మీదికి మోయరాదు” అని ఎగతాళి చేశాడు. జ్యోతికి మాత్రం పండగలా ఉంది. నా వెనకే నోట్ బుక్కు పట్టుకుని తిరుగుతూ, “మన ఆట నిజమైతున్నదన్నా! గిప్పుడు ఏం జేస్తవ్? గది ముందా, గిది ముందా?” అని అడుగుతూనే ఉంది. టేపు రికార్డరు కిటికీ బయట పెట్టి గాలి చప్పుడు పట్టింది. తను ఊహించి చేసిన గాలి చప్పుడు తప్పని, నిజం గాలి మధ్యమధ్య ఊపిరి పీల్చుకుంటున్నట్టు ఆగుతోందని చెప్పింది.

మధ్యాహ్నానికి మూడు సీడీలు అయ్యాయి. నాలుగోది పెట్టి, బోర్డుకు తన బిళ్ల తగిలించింది. కరెంటు పోతే యూపీఎస్ బ్యాటరీ ఎక్కువసేపు రావాలని, కంప్యూటర్ తెర ఆర్పెయ్యమని నేనే చెప్పాను. ఆర్పింది. సీడీ పెట్టే కవరు మీద ముందే ‘4, తుపాను’ అని రాసి పెట్టుకుంది. తర్వాత, “అన్నా, సీడీ నడుస్తున్నది. అమ్మ ఒక్కతే ఉన్నది, మా రేకులు ఆగుతయో లేదో. ఫోన్ జేసొస్త” అని ఎదురుగా ఉన్న ఎస్టీడీ ఫోన్ బూత్‌కు వెళ్లింది. బోధన్‌లో తల్లి పక్కింటివాళ్లు ఫోన్ ఎత్తలేదు. బోధన్ బస్సులు ఆపేస్తున్నారని ఎవరో అన్నారు. ఆమె అటునుంచి అటే ఆఖరి బస్సు ఎక్కేసింది. ఆ సంగతి దర్జీ వచ్చి చెప్పాడు.

కాసేపటికి వోల్టేజీ ఎగిరెగిరి పడటం మొదలైంది. యూపీఎస్ ఆగకుండా కుయ్యికుయ్యిమంటోంది. చూస్తే సీడీ రైటరు ట్రే బయటికి వచ్చి ఉంది. మిల్లులో ఎప్పుడూ పని పూర్తయిన సరుకే బయటికి వస్తుంది. సీడీ అయిపోయిందనుకున్నాను. తెర వెలిగించి చూడాలన్న ఆలోచనే రాలేదు. సీడీని కవర్లో పెట్టాను. బోర్డు మీద మూడో నంబరు బిళ్ల ఉంది. ఒక్క నిమిషం దాని ముందు నిలబడ్డాను. తర్వాత తీసి చొక్కా జేబులో వేసుకుని, మెయిన్ ఆపేశాను.

ఇంకో తప్పు కూడా ఆ గంటలోనే చేశాను. ఫ్యాక్టరీలో నీళ్లు కింది నుంచి, కేబుళ్ల కాలువల్లోంచి వస్తాయి. అందుకే సామాను ఎత్తులో పెట్టేవాళ్లం. ఆ అలవాటుతో పెద్ద కంప్యూటరు పెట్టెను ప్లాస్టిక్ పొర ఉన్న చక్కెర సంచిలో దింపి, మూతి పైన కట్టి, బీరువా మీదికి ఎక్కించాను. మేడ గదికి నీళ్లు పైనుంచి వస్తాయని తట్టలేదు.

మర్నాడు ఉదయం వెళ్లేసరికి సరిగ్గా బీరువా మీద రేకు పగిలి ఉంది. మూతిలోంచి దిగిన నీటిని సంచి కుండలా పట్టి ఉంచింది. పెట్టె లోపల ఏదీ మిగలలేదు. సీడీలు సొరుగులో పొడిగా ఉన్నాయి కదా అని ధైర్యం చెప్పుకున్నాను.

మూడో రోజు ఇమ్రాన్ వచ్చాడు. జ్యోతీ వచ్చింది. మూడు సీడీలు తెరుచుకున్నాయి. నాలుగోది తెరుచుకోలేదు. సగం రాసి ఆగిపోయిందని ఇమ్రాన్ తేల్చాడు. బోర్డు వైపు చూశాడు. బిళ్ల లేదు. మా నియమం ప్రకారం బిళ్ల లేదంటే దాని మనిషి పని ముగించి తీసుకుందని అర్థం.

“ఇంటికి వోవాలన్న తొందర్ల సగంలనే బంద్ జేసినవా?” అని ఇమ్రాన్ అడిగాడు.

“నేను బిళ్ల తియ్యనే లేదన్నా. బూత్ కాడికెల్లి సీద బస్సెక్కిన” అంది జ్యోతి.

ఇమ్రాన్ నా వైపు తిరిగాడు. నేను, “నేను చూసేసరికి బిళ్ల లేదు” అన్నాను.

ఆ ఒక్క వాక్యమే. అది అన్నప్పుడు బిళ్ల ఇంట్లో కొక్కేనికి వేలాడుతున్న చొక్కా జేబులో ఉంది. రెండు తప్పులు ఒకే రోజు నా మీద పడితే ఫోర్‌మన్‌గా నాకున్న పరువు ఏమవుతుందని భయపడ్డాను. ఇంకే కారణమూ లేదు. జ్యోతి నా ముఖంలోకి చూసింది. నోట్ బుక్కు తీసుకుని మెట్లు దిగింది. మళ్లీ ఆ గదికి రాలేదు. తుపాను ఘట్టం లేకుండానే ఆట బయటికి వచ్చింది. కొద్దిమందే ఆడారు. చివర కనిపించే పేర్ల పట్టికలో ఇమ్రాన్ పేరు, నా పేరు ఉన్నాయి. జ్యోతి పేరును ఇమ్రాన్ కోపంతో తీసేశాడు. నేను అడ్డు చెప్పలేదు.

తొమ్మిదేళ్ల తర్వాత బోధన్‌లో, ఆమె కంప్యూటర్ పాఠాలు చెప్పే బడికి వెళ్లాను. జరిగింది చెప్పి, బిళ్ల బల్ల మీద పెట్టాను. తిడుతుందనుకున్నాను. ఆమె మొదట అడిగింది పాత రోజుల్లో అడిగినట్టే ఒక ప్రశ్న.

“తెర ఎందుకు వెయ్యలేదన్నా?”

ట్రే బయటికి వచ్చింది గనక పూర్తయిందనుకున్నానని చెప్పాను.

“తప్పయినా ట్రే గట్లనే బయటికొస్తది. తప్పయిందని తెర మీద రాసి ఉంటుండె. పక్కకు రెండు కొత్త సీడీలు గూడ వెట్టి వోయిన. ఇంకోటి ఎక్కిస్తే అయిపోతుండె.” తర్వాత, “నాకు చెప్పుడేంది? నేను తియ్యలేదని నాకు ఎరుకనే. ఇమ్రానన్నకు చెప్పు” అంది.

బిళ్లను వేలితో నా వైపు తోసింది. “గిది ఉంచుకో. తీసినోని దగ్గరనే ఉండాలె.”

అదే వారం ఇమ్రాన్‌కు చెప్పాను. అతను తర్వాత పాత సీడీ వెతికి తీసి, పట్టికలో జ్యోతి పేరు మొదటి వరుసలో చేర్చి, ఒక కాపీ ఆమెకు పంపాడు. ఆటలో తుపాను మాత్రం ఇప్పటికీ లేదు. ఆ గదిని ఎరిగిన కొందరు ఇంకా “ఆ అమ్మాయి తొందరపాటు వల్లే పోయింది” అంటుంటారు. అది తప్పని చెప్పడానికే ఇది రాశాను.

వృత్తిపరంగా ఇందులో నేర్చుకున్నది ఒకటే. పని మీద ఎవరున్నారో బిళ్ల చెబుతుంది. దాన్ని ఎవరు తీశారో చెప్పదు. అది చెప్పేది సంతకం ఉన్న షిఫ్టు పుస్తకం. ఫ్యాక్టరీ నుంచి ఆ గదికి నేను బిళ్లలు తెచ్చాను, పుస్తకం తేలేదు.