సౌండు ఎందుకు రాలేదో నాకు తెలుసు

దాదాపు ఇరవై ఏళ్ల నుంచి ఒక అబద్ధాన్ని లోపల పెట్టుకుని తిరుగుతున్నాను. పొడుగాటి అబద్ధం కాదు. రెండే మాటలు. కానీ అది ఒక్కచోట ఉండదు. తింటుంటే వస్తుంది, బస్సులో కూర్చుంటే వస్తుంది, ఎవరైనా నన్ను మంచోడంటే మాత్రం తప్పకుండా వస్తుంది. ఇంట్లో చెప్పలేదు. సంఘంలో చెప్పలేదు. మీకు చెబుతున్నాను. ఎందుకంటే మీకు నా ముఖం తెలీదు, రేపు ఎల్బీ నగర్‌లో ఎదురుపడినా గుర్తుపట్టరు.

నేను ముఖం మీద మాట్లాడే మనిషిని. ఉన్నదున్నట్టు అంటానని పేరు. ఆ పేరు వింటేనే ఇప్పుడు నాకు చిరాకెత్తుతుంది.

మాది పోచంపల్లి పక్క పల్లె, నేత కుటుంబం. మగ్గం మీద బతుకు సాగక దిల్‌సుఖ్‌నగర్ వచ్చి చీరల దుకాణంలో పనికి కుదిరాను. చీర చూసి ఏ ఊరి నేతో చెప్పేవాణ్ని, దాని మీద అంటించిన చీటీ మాత్రం చదవలేకపోయేవాణ్ని. అక్షరాలు వచ్చింది యాభై దాటాక. నేర్పింది ప్రసాద్.

ప్రసాద్‌ది తెనాలి వైపు. మన్సూరాబాద్‌లో మా వీధిలోనే కిరాయికుండేవాడు, ఏదో కంపెనీలో ఉద్యోగం. మా నేతవాళ్ల సంఘం భవనంలో కింద గది ఖాళీగా ఉంటే అడిగి తీసుకుని, ఎవరో పారేసిన పాత కంప్యూటర్లు తెచ్చి పెట్టాడు. వాటిలో లినక్స్ వేశాడు. కంప్యూటర్‌ను నడిపించే అసలు సరుకు అదేనని, అది ఎవరి సొత్తూ కాదని, డబ్బు కట్టక్కర్లేదని చెప్పేవాడు. సాయంత్రాలు వచ్చి కూర్చుని వచ్చినవాళ్లకు నేర్పేవాడు. గది తాళం నా దగ్గర ఉండేది, ఇల్లు పక్కనే కాబట్టి. తాళం తీయడానికి వెళ్లినవాణ్ని కూర్చోబెట్టి, తెర మీద పెద్ద పెద్ద అక్షరాలు చూపించి, ముందు తెలుగు, తర్వాత కాస్త ఇంగ్లీషు నేర్పాడు. నా వేళ్లు మగ్గానికి అలవాటైన వేళ్లు. మీటలు తొందరగానే పట్టుకున్నాయి.

ఆ గదికి అందరికంటే ఎక్కువగా వచ్చేది అరుణ. మా వాళ్ల పిల్లే. పుట్టుకతో చూపు లేదు. అప్పటికి వయసు ఇరవై నాలుగో, ఐదో. ఒక బ్యాంకులో టెలిఫోన్ ఆపరేటర్ పోస్టు పడింది, దానికి టైపింగ్ పరీక్ష. తను కొట్టిన ప్రతి అక్షరాన్నీ కంప్యూటర్ ఇంగ్లీషులో పైకి చదివేది. ఆ గొంతు వింటూ తప్పు దిద్దుకునేది. గొంతు ఉంటేనే ఆ పిల్లకు కంప్యూటర్. లేకపోతే అది ఉత్త డబ్బా. ఇంట్లో తల్లి, తనూ, అంతే. ఈ ఉద్యోగం వస్తే తల్లి ఇళ్లల్లో పని మానేస్తుందని మా వీధిలో అందరికీ తెలుసు.

ఆ గొంతు అప్పుడప్పుడు గరగరమనేది. సౌండ్ కార్డు పాతది. కార్డుకూ కంప్యూటర్‌కూ మధ్య మాట కలిపే చిన్న ప్రోగ్రాం ఒకటుంటుంది, డ్రైవర్ అంటారు. ప్రసాద్ వేసింది ఊరికే దొరికే డ్రైవర్. నా మేనల్లుడికి దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటర్ దుకాణం ఉండేది. వాడు వచ్చి చూసి, బయటిదేశం కంపెనీ ఒకటి లినక్స్‌కే డబ్బుకు డ్రైవర్ అమ్ముతుందనీ, అది వేస్తే గొంతు గాజులా ఉంటుందనీ చెప్పాడు. వాడు అబద్ధం చెప్పలేదు. ప్రసాద్ కూడా కాదనలేదు. కానీ ఆ కంపెనీ సరుకు లోపల ఏముందో మనం తెరిచి చూడలేమని, రేపు లినక్స్ మారితే మళ్లీ వాళ్ల కాళ్లే పట్టుకోవాలని, ఊరికే దొరికేదాన్ని అయితే ఎవరైనా బాగుచేసుకోవచ్చని అన్నాడు.

నాకు ఆ మాట ఎక్కలేదు. చీరల దుకాణంలో ఊరికే ఇచ్చేది ఏది? అంచు చిరిగింది, రంగు దిగింది, బ్లౌజు ముక్క తక్కువైంది. మంచి సరుకును ఎవడూ ఊరికే ఇవ్వడు. పాతికేళ్లు ఆ గల్లాపెట్టె పక్కన నిలబడి నేర్చుకున్నది అదే.

ఆదివారం సంఘం మీటింగ్‌లో లేచి అదే చెప్పాను. సంఘం డబ్బుతో ఆ డ్రైవర్ కొనాలన్నాను. ఊరికే వచ్చేదంతా డామేజీ మాలేనని గట్టిగా అన్నాను. ప్రసాద్ నవ్వాడు. వెక్కిరింపు కాదు, వాడి నవ్వే అంత. "మరి మీకు అక్షరాలు నేను ఊరికేనే నేర్పాను కదా బాబాయ్, అవి కూడా డామేజీవేనా?" అన్నాడు.

హాలంతా నవ్వింది. మా వియ్యంకుడు కూడా ఉన్నాడు ఆ నవ్వేవాళ్లలో. నాకు అక్షరాలు ఈ మధ్యే వచ్చాయన్న సంగతి ఆయనకు అప్పటిదాకా తెలీదు. ఇప్పటికిప్పుడు కొననక్కర్లేదని పెద్దలు తేల్చేశారు. నేను కూర్చున్నాను. చెవులు కాలిపోతున్నాయి.

ఆ సాయంత్రమే ప్రసాద్ లినక్స్‌లో కొత్త వెర్షన్ వేశాడు, గరగర తగ్గుతుందని. వేసి, తల్లికి ఒంట్లో బాగాలేదని కబురొస్తే సౌండు కూడా చూసుకోకుండా రైలెక్కి ఊరికి పోయాడు. పొద్దున అరుణ వచ్చి కూర్చుంటే కంప్యూటర్ మాట్లాడలేదు.

ఇక్కడ మీకొకటి చెప్పాలి. ఆ ఊరికే దొరికే డ్రైవర్‌కు ఒక గుణం ఉండేది. కొత్తగా వేసినప్పుడు సౌండు మూసి ఉంటుంది. చెడిపోయి కాదు, మూసి, అంతే. ఒక మాట టైపు చేస్తే తెర మీద నిలువు స్తంభాలు వస్తాయి. ఒక్కో స్తంభం కింద ఒక చిన్న గడి. గడిలో రెండు ఎమ్‌లు ఉంటే సౌండు మూసి ఉన్నట్టు. ఎమ్ మీట నొక్కితే ఎమ్‌లు పోయి రెండు సున్నలు వస్తాయి, సౌండు తెరుచుకుంటుంది. ఈ సంగతి ప్రసాద్ అందరికీ చెప్పాడు. నాకైతే చేయి పట్టుకుని చూపించాడు, తాళం తీసేది నేనే కాబట్టి.

అరుణకు ఆ మాట నోటికొచ్చు. తనే టైపు చేసింది. స్తంభాలు వచ్చాయి. గదిలో మేమిద్దరమే ఉన్నాం.

"కాకా, వచ్చినయా?"

"వచ్చినయి."

"మొదటి దాని కింద ఏముందో జర చదువు. ఎమ్‌లుంటే నేను నొక్కుత. సున్నలుంటే నొక్కొద్దు, ఉన్నది గూడ బంద్ అయితది."

నేను వంగి చూశాను. రెండు ఎమ్‌లు. నాకు బాగా వచ్చిన ఇంగ్లీషు అక్షరాల్లో అదొకటి. కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూశాను.

"సున్నలే ఉన్నయి బిడ్డా," అన్నాను.

"మంచిగ చూసినవా?"

"చూసిన. ఊర్కె వచ్చిన మాల్ గిట్లనే ఉంటదని నిన్ననే చెప్పిన గద."

ఆ పిల్ల మీట మీద పెట్టిన వేలు తీసేసింది.

ఎందుకన్నాను? ఆలోచించి అన్నానా, నోరు జారిందా? జారితే మరుక్షణం సర్దుకోవచ్చు కదా. ఆగు బిడ్డా, ఎమ్‌లే ఉన్నట్టున్నాయి, అంటే అయిపోయేది. ఆ పిల్ల నవ్వేసేది, నా చూపు మీద ఒక జోకు వేసేది. నేను అనలేదు. ఒక పూట, ఒక్క పూట ప్రసాద్ సరుకు పనిచేయలేదని అందరికీ తెలిస్తే చాలు, తర్వాత నేనే ఎమ్ నొక్కేస్తాను అనుకున్నాను. కానీ ఆ పూటే నా మాట నిజమైందని వీధిలో నలుగురు అన్నారు. మర్నాడు వియ్యంకుడు ఫోన్ చేసి నువ్వు చెప్పిందే కరెక్టయింది బావా అన్నాడు. ఆ తర్వాత నొక్కడం ఎట్లా? నొక్కితే, ఇన్నాళ్లూ ఎందుకు నొక్కలేదని అడుగుతారు. ఒక్కో రోజు గడిచినకొద్దీ ఆ మీట ఇంకా దూరమైంది.

అరుణ ప్రసాద్‌కు ఫోన్ చేసింది. గడిలో ఏముందని అతను అడిగితే సున్నలేనని చెప్పింది. అయితే కార్డే పోయినట్టుంది, వచ్చి చూస్తానన్నాడు. నేను చూశానన్నాక ఇంకెవరూ ఆ గడి చూడలేదు. తల్లి జబ్బు ముదిరి అతను రాలేకపోయాడు. సంఘం కొందామంటే నా మేనల్లుడు కంపెనీకి రాసి డ్రైవర్ తెప్పించేసరికి పరీక్ష మీదికి వచ్చేసింది. ఈలోపు ఆ పిల్ల మాట్లాడని కంప్యూటర్ ముందు కూర్చుని మీటలు కొట్టేది. ఏం కొడుతుందో తనకే తెలీదు. నేను బయట అరుగు మీద కూర్చుని ఆ టకటక వినేవాణ్ని. లేచి లోపలికి పోయేవాణ్ని, మళ్లీ వచ్చి కూర్చునేవాణ్ని. ఒకసారి మీట దాకా చెయ్యి వెళ్లింది. ఎవరో మెట్లు దిగిన చప్పుడైతే తీసేసుకున్నాను.

కొనుక్కొచ్చిన డ్రైవర్ వేయగానే గొంతు వచ్చింది. నిజంగానే గాజులా ఉంది. సంఘంలో నా భుజం తట్టారు.

అరుణ పరీక్ష పోయింది. స్పీడు చాలలేదన్నారట. మూగ కంప్యూటర్ వల్లే పోయిందా? లేకపోయినా పోయేదేమో? ఈ "ఏమో"ను పట్టుకుని నేను చాలా ఏళ్లు బతికాను. ఇప్పుడు అది కూడా నా చేతిలో నిలవడం లేదు. ఆ పిల్ల పోటీకి పోయేటప్పుడు కాళ్లు కట్టేసింది నేను. కట్టకపోయినా ఓడేదని నేనే అనడం ఏం న్యాయం?

ప్రసాద్ తిరిగొచ్చాక సంఘంలో ఎవరో నిలదీశారు, పిల్ల బతుకుతో ఆడుకున్నావని. గడి సరిగ్గా చూశారా అని అతను మెల్లగా అడిగాడు. నాకంటే ముందు అరుణ లేచింది.

"కాక చదివి చెప్పిండన్నా. కాక అబద్ధం చెప్పే మనిషి కాదు," అంది.

ప్రసాద్ నా వైపు చూశాడు. నాకు ఎమ్ నేర్పింది అతనే. ఎమ్‌కూ సున్నకూ తేడా తెలీని వాణ్ని కాదని అతనికంటే ఎవరికి తెలుసు? అయినా పొరపాటు తనదేనన్నాడు. నెల తిరక్కుండా కిరాయిల్లు ఖాళీ చేసి నాగోల్ వైపు వెళ్లిపోయాడు. అతనికి తెలిసిపోయిందా? నా కొత్త చదువు మీద జాలిపడి పొరపాటేమో అనుకున్నాడా? తెలిసి ఊరుకున్నాడా? ఏది నిజమైనా నాకు నిద్ర రాదు.

మరుసటి ఏడు ఎవరో లినక్స్ మారిస్తే ఆ కొన్న డ్రైవర్ పనిచేయలేదు. ప్రసాద్ చెప్పిందే. బాగుచేసే మనిషి లేడు. గదికి తాళం పడింది. ఇప్పుడక్కడ పెళ్లిళ్ల కుర్చీలు పెడుతున్నారు.

అరుణ ఇప్పుడు అల్మాస్‌గూడలో ఉంటుంది. ఇంట్లోనే పచ్చళ్లు పట్టి అమ్ముతుంది. తల్లి చివరిదాకా ఇళ్లల్లో పని చేస్తూనే పోయింది. నన్ను అడుగుల చప్పుడుతో గుర్తుపడుతుంది, కాకా అని పిలుస్తుంది. కిందటి నెల దవాఖానలో కనపడితే, మాత్రల పట్టీ నా చేతికిచ్చి పేరు చదవమంది. ఫోన్‌తో చదివించుకోవచ్చు కదా అన్నాను. ఫోన్ ఒక్కోసారి తప్పు చదువుతుంది, నువ్వు చదివితే నాకు పరేషాన్ ఉండదు కాకా, అంది. నేను చదివాను. చదివి, మందుల దుకాణం అతన్ని పిలిచి మళ్లీ చదివించాను. నా మాట మీద నాకే నమ్మకం లేక. ఎందుకు కాకా అంత భయం అని ఆమె నవ్వింది.

ఆ నవ్వు నన్ను ఇంట్లో కూర్చోనివ్వలేదు. కొత్తపేట దాకా నడిచాను, వెనక్కి నడిచాను. నేర్చుకున్న చదువును నమ్మి మొదటిసారి నా చేత చదివించుకున్నది ఆ పిల్లే. ఆమెకే తప్పు చదివాను. కావాలని చదివాను. కళ్లున్నవాడికైతే చెప్పగలిగేవాణ్నా ఆ అబద్ధం? చెప్పేవాణ్ని కాదు. ఆమె చూడలేదని తెలిసే చెప్పాను. ఇంతకాలం నేను ఒప్పుకోనిది అన్నిటికంటే ఇదే.

ఈ రోజు పొద్దున ఆమెకు వాట్సాప్‌లో తెలుగులో రాసి పంపాను. నాలుగే ముక్కలు. ఆ రోజు గడిలో ఎమ్‌లు ఉన్నాయని, నేను చూశానని, చూసే సున్నలన్నానని, ప్రసాద్ తప్పేమీ లేదని. క్షమించమని రాయలేదు. రాస్తే ఆమె క్షమించాల్సి వస్తుంది, ఆ మొహమాటం కూడా ఆమె మీద పెట్టడం ఎందుకు?

మధ్యాహ్నం నీలం గీతలు పడ్డాయి. ఫోన్ పైకి చదివి ఉంటుంది, పచ్చడి జాడీల మధ్య, ఆమె చేతులకు కారం ఉండగా. ఇప్పటికైతే ఫోన్ రాలేదు. నేను చేయను. మీకు ఇదంతా రాస్తూ ఇప్పటికి మూడు సార్లు లేచి తిరిగాను. కానీ అన్నం సహించింది ఈ పూట. అంతకంటే ఏమీ చెప్పలేను.