కొండ మీదికి పిన్నులు పంపిన శీతాకాలం

ఒక శీతాకాలమంతా, మంచు కప్పేసిన కొండల్లో, ఒక పటాలం పటాలాన్నే ఒంటి చేత్తో బతికించినవాణ్ణి నేను. ఈ మాట మొన్న ఆదివారం బెంగళూరు హూడిలో మా అమ్మాయి ఇంట్లో, వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, కాస్త గొంతు పెంచే చెప్పాను. పెంచక తప్పలేదు. పోపులోకి కరివేపాకు లేదని చూసుకున్న మా మనవరాలు ఫోను మీద వేలితో ఏదో నొక్కి, మూకుడు కింద మంట తగ్గించి నిలబడితే, చూస్తుండగానే తలుపు గంట మోగింది, కరివేపాకు వచ్చేసింది. ఆ పిల్ల మొహంలో ఆశ్చర్యమన్నది లేదు. అడిగితే సరుకు రావడం గాలి వీచినంత సహజమన్న ఆ ధీమా చూశాక, సరుకులు పంపడంలోనే జుట్టు నెరిపించుకున్న నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

"తాతయ్యా, మీ టైమ్‌లో ట్రాకింగ్ ఉండేది కాదు కదా, సరుకు ఎక్కడిదాకా వెళ్ళిందో ఎలా తెలిసేది?" అంది.

కంచరగాడిద తిరిగొస్తే తెలిసేదమ్మా, అన్నాను. పకపకా నవ్వింది. నేను నవ్వించడానికి చెప్పలేదు.

సైన్యంలో పనిచేశానంటే అందరూ తుపాకీ గురించే అడుగుతారు. తుపాకీ పట్టినవాడు పొద్దున్నే ఏం తిన్నాడు, ఏ నీళ్ళు తాగాడు, తడిసిన మేజోళ్ళ బదులు పొడివి ఎవరిచ్చారు అని అడిగినవాళ్ళు నా జీవితంలో లేరు. ఆ అడగని ప్రశ్నలన్నిటికీ జవాబు మేము, సప్లై వాళ్ళం. మా విద్య పైకి చూస్తే పెళ్ళివారి సామాను సర్దినట్టే ఉంటుంది గానీ, దానికీ కొన్ని ధర్మాలున్నాయి. ముందు వరసలో ఉన్నవాడు అడిగేదాకా ఆగకూడదు; వాడు అడిగాడంటే అప్పటికే ఆలస్యమైనట్టు. పైకి చేరగానే మొదట కావలసినది లారీలో చివర ఎక్కించాలి, లేకపోతే గుడారం కోసం బియ్యం బస్తాలన్నీ మంచులో దించుకోవాలి. అన్నిటికన్నా నన్ను నవ్వించి ఏడిపించిన ధర్మం కంచరగాడిదది. అది మోసే బరువులో దాని మేత కూడా ఉంటుంది, అందుచేత ఎంత దూరం నడిపిస్తే అంత ఎక్కువ మేత వేసుకోవాలి, మనవాళ్ళకు మిగిలేది అంత తగ్గుతుంది. మరీ దూరం పంపితే అది తన తిండి తనే మోసుకెళ్ళి, తిని, ఖాళీ వీపుతో పైవాళ్ళకు నమస్కారం పెట్టి దిగివస్తుంది. యుద్ధాలన్నీ ఈ లెక్క చుట్టూనే తిరుగుతాయని నా నమ్మకం. పెద్ద పెద్ద అధికారులతో కూడా ఈ మాట అనేవాణ్ణి, వాళ్ళు కాదనలేకపోయేవారు.

అప్పుడు మేమున్నది లారీ దారి ఆఖరైపోయే చోట. అక్కణ్ణించి కంచరగాడిదల దారి, దాని పైన కనుమ, కనుమకు అవతల మా దక్షిణాది పటాలం వాళ్ళ పోస్టు. మంచు పడితే కనుమ మూసుకుపోతుంది, మళ్ళీ ఎండలు వచ్చేదాకా తెరుచుకోదు. అందుకని ఆలోపే శీతాకాలానికంతా సరిపడా పైకి ఎక్కించేయాలి. ఎక్కించాం కూడా. పప్పు, బియ్యం, టిన్నుల్లో కూరలు, కిరోసిన్, పంపు స్టవ్వులు, చివరికి అగ్గిపెట్టెలు తడవకుండా మైనపు గుడ్డలో చుట్టి మరీ. మా సుబేదారుగారు ఆఖరి మందను పంపించి, చేతులు దులుపుకుని, ఇక దేవుడు చూసుకుంటాడన్నారు.

పైనున్న పోస్టుకూ మాకూ మధ్య ఫీల్డు టెలిఫోను తీగ ఒకటి ఉండేది. రోజూ పొద్దున్నే పిడి తిప్పి పలకరించేవాణ్ణి. అవతల పలికేది బెంగళూరు పాతపేట తెలుగు. ఆ గొంతు అప్పటికి నాకు ఒక సిపాయి గొంతు మాత్రమే. తర్వాత చాలా ఏళ్ళకు అతని కొడుక్కి మా అమ్మాయినిస్తానని, అతను నాకు వియ్యంకుడవుతాడని ఆ కొండల్లో ఎవడు ఊహించాడు! మంచు మొదలైన రోజు ఆ గొంతే చెప్పింది: స్టవ్వులు వెలగడం లేదు, పిన్నులు లేవు.

ఈ కాలం పిల్లలకు స్టవ్వు పిన్ను అంటే బొమ్మ గీసి చూపించాలి. మన ఈడు వాళ్ళకు అక్కర్లేదు. బర్నరు కంటికి మసి అడ్డం పడితే సన్నటి తీగ మొన ఉన్న ఆ రేకుముక్కతో పొడిచేవాళ్ళం, ఏ వంటింట్లోనైనా కిటికీ చువ్వకు ఒకటి తగిలించి ఉండేది. ఇంట్లో పిన్ను పోతే పక్కింటికి వెళ్ళి తెచ్చుకునేవాళ్ళం. ఆ పోస్టుకు పక్కిల్లు లేదు. పైగా ఆ ఎత్తున నీళ్ళు పారవు, మంచు కరిగించుకుంటేనే గుక్కెడు నీళ్ళు. కాల్చడానికి అక్కడ పుల్ల కూడా మొలవదు. స్టవ్వు వెలగకపోతే పప్పూ బియ్యం ఎన్ని బస్తాలున్నా ఏం లాభం, నాలుక తడుపుకునే దారి లేదు.

పిన్నులు ఎక్కడికీ పోలేదు. మా స్టోరులోనే ఉన్నాయి. అది స్టోరు వాళ్ళకు పుట్టుకతో వచ్చే జబ్బు. బస్తాను ఎవడూ దాచడు, చిన్న వస్తువు మాత్రం పోతుందని భయపడి భద్రం చేస్తాడు. సుబేదారుగారు ఆ పొట్లాన్ని తన ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశారు. అంత భద్రంగా ఉంది కాబట్టే అది కొండెక్కలేదు. ఆయన మొహం చూడాలి అప్పుడు, సున్నం కొట్టినట్టు తెల్లబోయింది.

ఇంకో మాట అడిగేలోపు లైను పోయింది. పిడి ఎంత తిప్పినా అవతల చప్పుడు లేదు. వాళ్ళేమైపోయారో తెలియదు. మంచు పడుతూనే ఉంది, కనుమ ఇవాళో రేపో మూసుకుంటుంది. ఇక ఆగలేదు. పిన్నుల పొట్లం గుండెల దగ్గర దాచుకుని, నడుంలోతు మంచులో, ఒక్కణ్ణీ కనుమ దాటి వెళ్ళి ఆ పటాలాన్ని కాపాడాను.

అనే మా ఇంట్లో అందరికీ చెబుతాను. ఈ పత్రిక చదివే మీరు నా ఈడువాళ్ళు, కొండలెక్కినవాళ్ళూ ఉంటారు, మీ దగ్గర ఈ కోత చెల్లదు. నేను వెళ్ళింది కంచరగాడిదల దారి మొదటి మలుపు దాకా. అక్కడ ఆయాసం వచ్చి ఒక రాయి మీద కూర్చున్నాను. పొట్లం దాచుకున్న గుండెలు నావి కావు, మా కంచరగాడిదల మనిషివి. ఆ కొండల్లోనే పుట్టినవాడు, గాడిదను వదిలేసి ఒంటరిగా నడిచిపోయాడు. పైన ఉన్నదీ పటాలం కాదు, ఒక గుడారంలో సర్దుకుని పడుకోగలిగిన జనం. ఒంటి చెయ్యి అన్నది మాత్రం పూర్తి అబద్ధం కాదు, రెండో చేతిలో టీ గ్లాసు ఉంది. అతను తిరిగివచ్చేదాకా నాకు అన్నం సయించలేదన్నది నిజం. వచ్చి, అంతా బాగానే ఉన్నారని ఒక్క ముక్క చెప్పి, కుంపటి దగ్గర చతికిలబడ్డాడు. ఆ పిన్నులే వాళ్ళను నిలబెట్టాయని అప్పటినుంచీ నా ఛాతీ కాస్త వెడల్పయింది.

మా మనవరాలి ఫోనులో ఇప్పుడు సరుకు తెచ్చేవాడి బండి చిన్న చుక్కలా కదులుతూ కనిపిస్తుంది. ఏ మలుపులో ఉన్నాడో, ఏ సిగ్నలు దగ్గర ఆగాడో అంతా తెలుస్తుంది. మంచిదే. మాకు ఏదీ తెలిసేది కాదు, అందుకని పంపినదాని వెంట మా ప్రాణం కూడా కొండెక్కేది. పైవాడికి నీళ్ళు దొరికాయో లేదో తెలియక కిందివాడు ముద్ద మింగలేకపోవడం అనే ఆ బంధుత్వం, చుక్క కనిపించే ఈ రోజుల్లో ఎవరికి ఎవరితో ఉంటుంది? తలుపు తీసి కరివేపాకు అందుకున్న పిల్ల, తెచ్చినవాడి మొహం చూడలేదు.

ఇంతవరకు రాసి, పత్రికకు పంపే ముందు, యలహంక నుంచి వచ్చిన మా వియ్యంకుడికి చదివి వినిపించాను. ఇన్నాళ్ళూ ఏ ఫంక్షన్లో నేనీ కథ ఎత్తినా ఆయన నవ్వి ఇంకో లడ్డు తీసుకునేవాడు, ఒప్పుకున్నాడనే అనుకున్నాను.

"బాగుండాది బావా," అన్నాడు. "కానీ నీ పిన్నులు వచ్చేతలికి మేము టీ తాగి గ్లాసులు బోర్లించినాము."

"మరి స్టవ్వులు?"

"ఫోను తీగ కోసినాము కదప్పా. దాంట్లో సన్న ఉక్కు పోగులుంటాయి. ఒకటి పీకి పొడిస్తే భగ్గుమన్యా."

"అంటే, లైను పోయింది..."

"పోలేదు, మేమే తీసేసినాము. ఒక గడియలో అతికించేయొచ్చు. అతికిస్తే నువ్వు మళ్ళా లైన్లోకొచ్చి, కిరోసిన్ ఎంతుండాది, పప్పెంతుండాది అని ప్రాణం తింటావని సుమ్మనే అట్లే వదిలేసినాము."