ఆన్‌లైన్ పరీక్షలో బల్లి పలికింది

మాది మదనపల్లె. నలభై దాటాక ఆన్‌లైన్‌లో డిగ్రీ చదివాను. నాలుగు జవాబుల్లో సరైనది గుర్తించే చివరి పరీక్ష ఇంట్లోనే, కెమెరా ముందు. గదిలో నేను తప్ప ఇంకెవరూ ఉండకూడదు. అందుకని పుంగనూరు నుంచి వచ్చిన మా అత్తమ్మ తలుపు బయట కాపలా కూర్చుంది.

సగం రాశానో లేదో, గోడ మీద బల్లి పలికింది. వెంటనే అత్తమ్మ "కృష్ణ కృష్ణ" అంటూ తలుపు మీద మూడుసార్లు తట్టింది.

కంప్యూటర్‌లోంచి నన్ను కనిపెట్టుకుని ఉన్న పర్యవేక్షకుడు గర్జించాడు. "ఎవరమ్మా తట్టింది? మూడో జవాబు సరైనదని సైగా? పరీక్ష రద్దు చేస్తాను!"

ఇన్నేళ్ల చదువు గంగలో కలిసేలా ఉంది. బల్లి అరుపుకు ఏ అర్థమూ లేదని ఇంటిల్లిపాదితో వాదించే నేనే, "బల్లి పలికితే తట్టడం మా ఆచారం సార్" అని బతిమాలుకున్నాను.

"కథలు చెప్పకండి."

తలుపు అవతల నుంచి అత్తమ్మ అందుకుంది. "కతేందప్పా? బల్లి పలికితే తట్టకుండా యాడన్నా ఉంటారా?"

అంతలో బల్లి మళ్లీ పలికింది. తలుపు మీద టక్ టక్ టక్. కంప్యూటర్‌లోంచి కూడా టక్ టక్ టక్! తెర మీద చూస్తే, ఆయన వేలు ఇంకా ఆయన బల్ల మీదే ఉంది.

ఆయన గొంతు సవరించుకుని, "సరే, రాసుకోండమ్మా" అన్నాడు.

పాసయ్యాను. మూఢనమ్మకాల మీద నా పోరాటం ఆగలేదు. కాకపోతే, పరీక్షలు పెట్టేవాళ్లు కాస్త ఆలస్యంగా మారినా ఫర్వాలేదనుకుంటున్నాను.