పూసల కింద గడ్డ

మైనా అనే ఇల్లాలి మెడలోని థైరాయిడ్ గడ్డను మొదట కనిపెట్టింది ధనకుమారి రాయ్. ఆరోగ్య శిబిరం నివేదికలో ఆమె పేరు లేదు.

తూర్పు నేపాల్ కొండల్లో ఇరవై రెండేళ్లుగా ఆమె జీతం లేని ఆరోగ్య సేవిక. ఎవరింట టీ తాగినా ఎదుటివారి గొంతునే గమనిస్తుంది. గుటకతోపాటు పైకి కదిలే గడ్డ థైరాయిడ్‌దని ఆమెకు తెలుసు. స్కానింగ్ చేసే సబీనా శిబిరాలకు వచ్చిననాటి నుంచి ధనకుమారి చూపు మరోచోట కూడా ఆగుతోంది: ఆ తెల్లకోటు మీద, ఆ తిరిగే కుర్చీ మీద.

శిబిరంలో మైనా పూసల దండలు తీయనంది. భర్త బతికుండగా అవి తీయరు. సబీనా దండలు లేని పైభాగంలో మాత్రమే పరికరం ఆనించి, ఏమీ లేదని పంపేసింది. బయట ధనకుమారి ఇచ్చిన టీని మైనా గుటక వేయగానే పూసలు ఒకవైపే పైకి లేచాయి.

"తీయొద్దులే తల్లీ, వీపు మీదికి తిప్పుకో," అంటూ ధనకుమారి ఆమెను మళ్లీ లోపలికి లాక్కొచ్చింది. "ఏం మేడమ్‌గారూ, మీ మిషన్‌కి పూసలంటే సిగ్గా?"

"నీకు నా కుర్చీ మీద కన్ను, అక్కా," అంది సబీనా.

"కోటు మీద కూడా ఉంది చెల్లీ. ముందిక్కడ చూడు."

ఈసారి అంచులు వంకరపోయిన గడ్డ కనిపించింది. క్యాన్సరేమో తేల్చే సూది పరీక్షకు రాశారు. నివేదికలో "కనుగొన్నవారు" అన్న గడిలో మాత్రం సబీనా పేరు రాశారు. స్కానింగ్ శిక్షణకు ఆరోగ్య సేవికల ఎంపిక ఆ గడిని బట్టే జరుగుతుంది.

జిల్లా ఆరోగ్యాధికారులారా, ధనకుమారి అసూయపడిన మాట నిజమే. మైనాను రెండోసారి లోపలికి తెచ్చింది ఆ అసూయే. శిక్షణ జాబితాపై ముద్ర వేయకముందే ఆ గడిలో ధనకుమారి రాయ్ అని రాయండి.